తంగేడు ఎవరి సొత్తు?

పరాయివాళ్ళ పెరట్లో పువ్వు కోయడం దొంగతనమా, కాదా అన్న చర్చ మన ఇళ్ళల్లో ఈనాటిది కాదు. దేవుడి పూజకి కోసిన పువ్వు దొంగతనం కిందికి రాదని ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో ఒక సూత్రం కనిపెట్టి పెట్టారు. తెల్లారగట్ల ఒక చేతిలో సజ్జ, ఇంకో చేతిలో కొక్కెం కట్టిన కర్ర పట్టుకుని, ప్రహరీగోడల మీంచి తొంగిచూసే నందివర్ధనాలనీ ముద్దమందారాలనీ దులిపేసుకుపోయేవాళ్ళు ప్రతి వీధిలోనూ వుంటారు. ఇంటావిడ కిటికీలోంచి చూసి కేకేస్తే "పూజకండీ" అంటారు. ఆ ఒక్క మాటతో ఇంటావిడ నోరు మూతపడిపోతుంది. మరి ఆవిడ పూజ మాటేమిటని అడిగేవాళ్ళుండరు పాపం.

ఆ తగువు తేలికే. మొక్క నాటిన చెయ్యి, నీళ్ళు పోసిన చెయ్యి కళ్ళెదురుగా వున్నాయి గనక పువ్వు ఎవరిదో అందరికీ తెలుసు. అసలు చిక్కంతా ఎవరూ నాటని పువ్వుతోనే. గుట్ట మీద, రాతి సందున, వాన తప్ప మరొకరు నీళ్ళు పోయని మొక్కకి పూసిన పువ్వుని ఏం చెయ్యాలి? చూసి వదిలెయ్యాలా, కోసుకోవాలా? కోసుకుంటే ఎవర్ని అడిగి కోసుకోవాలి? కోయకుండా వచ్చేస్తే దానికి మనం చేసిన మేలేమిటి? బహదూర్‌పల్లి వచ్చి కాపురం పెట్టిన దగ్గర్నించీ ఈ ప్రశ్న ఋతువుకోసారి నన్ను పలకరించి పోతూనే వుంది.

"హైదరాబాదులో కొండలెక్కడివమ్మా!" అని కోస్తావైపు చుట్టాలు నవ్వుతారు. కొండలు కాకపోతే పోనీ, గుట్టలున్నాయి. రాయి మీద రాయి ఎవరో తీరిగ్గా పేర్చినట్టుండే ఈ గుట్టల వయసు 250 కోట్ల ఏళ్ళని భూగర్భశాస్త్రం చెబుతుంది. హిమాలయాలు లేవడం మొదలుపెట్టింది 5 కోట్ల ఏళ్ళ కిందట. అంటే మా వీధి చివర గుట్ట ముందు ఎవరెస్టు నిన్నగాక మొన్న పుట్టిన చంటిపిల్ల! ఎత్తు సంగతంటారా, అరగంటలో ఎక్కి దిగొచ్చు. బూట్లూ తాళ్ళూ అక్కర్లేదు, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి దోపుకుంటే చాలు. మా అపార్టుమెంటులో ఆడవాళ్ళం అయిదుగురం ఆదివారం పొద్దున్నే, ఇళ్ళల్లో కాఫీల గోల మొదలయ్యేలోగా వెళ్ళొస్తాం. ఓపికున్న రోజున గండిమైసమ్మ చౌరస్తా, దుండిగల్ దాటి నర్సాపూర్ అడవిదాకా కూడా పోతాం. పిల్లలు దీన్ని 'ట్రెక్కింగ్' అంటారు. మా వారు 'గుట్ట దర్శనం' అంటారు. టిఫిను ఆలస్యమైన రోజున ఆ మాట పలికే తీరు వేరుగా వుంటుందనుకోండి.

శ్రావణంలో రెండు మంచి వానలు పడగానే, చారెడు మట్టి వున్న రాతి పగులల్లా ఏదో ఒకటి పూస్తుంది. తెల్లటి తుమ్మిపూలు, నీలిరంగు విష్ణుకాంత, ఊదారంగు వెంపలి, పొదల మీదికి ఎగబాకి నిప్పుసెగలా కనబడే నాభి. ఈ నాభి చిత్రమైన పువ్వు. విచ్చుకున్నప్పుడు పసుపు, రోజులు గడిచేకొద్దీ ఎరుపు. అందమంతా పైనే, కింద దుంప మాత్రం విషం. భాద్రపదం చివరికి గునుగు, తంగేడు వచ్చేస్తాయి. ఫాల్గుణంలో ఆకన్నది లేకుండా ఒళ్ళంతా పూసి నిలబడే మోదుగ, ఎండలు మండిపోయే వైశాఖంలో గుత్తులు గుత్తులుగా వేళ్ళాడే రేల. పంచాంగం ఇంట్లో మర్చిపోయినా నెల చెప్పెయ్యొచ్చు.

ఈ పూలకి ఇంకో స్వభావం వుంది. మల్లెపువ్వులా వాసనతో పిలవవు. గులాబీలా నిటారుగా నిలబడి నన్ను చూడమనవు. విష్ణుకాంత శనగగింజంత వుంటుంది, వంగి చూస్తేగానీ కనబడదు. ఎండ ముదిరితే ముడుచుకుపోతుంది. మోకాళ్ళు పట్టేసిన మా వయసువాళ్ళకి వంగి చూడడమంటే సాష్టాంగ నమస్కారంతో సమానం. తలలో పెట్టుకుందామంటే తంగేడు గంటలో వడలిపోతుంది. అంచేత వీటిని అనుభవించాలంటే మనమే వాటి దగ్గరికి, వాటికి వీలైన వేళకి వెళ్ళాలి. ఇంటికి పిలిచి మర్యాద చెయ్యడం కుదరదు.

ఒక శ్రావణ ఆదివారం మా పై ఫ్లాటు వదినగారు తుమ్మిపూలు విరగబూసి వుండడం చూసి సంచీ విప్పారు. మర్నాడు సోమవారం, శివుడికి తుమ్మి ప్రీతి. మాతో వచ్చే లెక్చరరుగారు చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుని, "వద్దు వదినా, పుష్పవిలాపం వినలేదా మీరు?" అన్నారు. వదినగారి అమ్మాయి మధ్యేమార్గం చెప్పింది: "ఫొటో తీసుకో అమ్మా. పువ్వు అక్కడా వుంటుంది, నీ దగ్గరా వుంటుంది." ఇంతకంటే న్యాయమైన తీర్పు ఏ కోర్టులో దొరుకుతుంది చెప్పండి! అందరం ఫొటోలు తీసుకుని, ఒట్టి చేతులతో, నిండు మనసులతో దిగొచ్చాం.

మా తరంవాళ్ళకి కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపమంటే పద్యం ఒక్కటే కాదు, ఘంటసాల గారి గొంతు కూడాను. రేడియోలో ఆ గొంతు వినబడితే పూలు కోస్తున్న చెయ్యి దానంతటదే ఆగిపోయేది. కోయబోయిన మనిషితో పూలు మొరపెట్టుకుంటే, ఆ మనిషి ఆ మొర వినడం! ఆ దయ తక్కువదని ఎవరూ అనలేరు. ఎందరో ఆడపిల్లలకి నోరులేనిదానికీ బాధ వుంటుందని మొదట నేర్పింది ఆ పద్యాలే.

అయితే మరుసటి శ్రావణానికి మేం వెళ్ళేసరికి ఆ గుట్ట సగమే వుంది. మేం ముట్టుకోని తుమ్మిమొక్కలు, వాటి కింద చారెడు మట్టి, మట్టి కింద 250 కోట్ల ఏళ్ళ రాయి, అన్నీ టిప్పర్లెక్కి వెళ్ళిపోయాయి. పువ్వు కోయలేదన్న పుణ్యం మా దగ్గర పదిలంగా వుంది. ఫొటో ఫోనులో వుంది. పోయినవాటి గురించి గట్టిగా ఏడవడానికి కూడా మాకు అర్హత వుందో లేదో తెలియలేదు. మా పూజ ఆగలేదు, మా వంట ఆగలేదు. ఆ తుమ్మిపూలు లేకపోవడంవల్ల మా ఇళ్ళల్లో లోటైన పని ఒక్కటీ లేదు మరి!

లోటు పడిన మనిషిని ఆ ఏడే మహాలయ అమావాస్యకి ముందురోజున చూశాను. మిగిలిన సగం గుట్ట వెనక ఒక ముసలావిడ, చీరకొంగు నడుముకి బిగించి, తంగేడు తెంపుతోంది. పక్కన అప్పటికే కట్టిన రెండు మోపులు. "అవ్వా, ఈ పూలు ఎవరివి?" అని అడిగాను. నేనడిగింది తత్వం, ఆవిడ విన్నది తగువు. పక్కనున్న ప్లాటు హద్దురాయివైపు ఓ చూపు చూసి, "ఎవ్వలివేంది బిడ్డా, గుట్టవి" అంది. అని ఊరుకోలేదు. కిందటేడు ఏ మూల ఎన్ని పొదలుండేవో, గునుగు ఎటుపక్క ఒత్తుగా మొలిచేదో, ఇప్పుడు ఎంత దూరం నడవాల్సొస్తోందో వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. పదిసార్లు ఎక్కిదిగిన మా అయిదుగురిలో ఆ లెక్క తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆవిడ తెంపే తీరు చూస్తూ నిలబడ్డాను. ప్రతి కొమ్మా తెంపలేదు. పూత బాగా వున్న రెమ్మని గోటితో నొక్కి, కణుపు దగ్గర పుటుక్కున విరిచి, మొగ్గలున్న రెమ్మల్ని వదిలేసి పక్కపొదకి పోతోంది. "అన్నీ తెంపుకోవచ్చు కదా" అంటే, "సద్దుల నాటికి వద్దా మల్ల?" అంది. తొమ్మిది రోజుల పండగ. ఎంగిలిపూలనాడు మొదలుపెట్టి సద్దుల బతుకమ్మదాకా పూలు కావాలి. ఈరోజే దోచేస్తే ఎనిమిదో రోజుకి ఎక్కణ్ణించి వస్తాయి? దయ గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. అవసరం ఆవిడ వేళ్ళకి ఆ మర్యాద నేర్పింది. తంగేడు మొండి మొక్క. కొమ్మ విరిస్తే కింద కణుపులోంచి మళ్ళీ చిగురేస్తుంది, మేకలు కూడా దాని జోలికి అంతగా పోవు. గునుగైతే చేలల్లో రైతుకి కలుపు. ఆడపిల్లలు వచ్చి కోసుకుపోతే రైతుకి ఓ కూలి మిగిలినట్టే. పోగా మిగిలిన ఒక్క మొక్క చాలు, నల్లటి సన్నగింజలు రాల్చి వచ్చే ఏటికి చేనంతా అదే అవుతుంది. ఇలాంటి పూల విషయంలో కోసినవాళ్ళు పాపాత్ములు, కోయనివాళ్ళు పుణ్యాత్ములు అన్న లెక్క సరిపోవడం లేదు నాకు.

లెక్చరరుగారు దీనికి ఒప్పుకోలేదు. "అందరూ మీ అవ్వలాగే తెంపుతారా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మహారాష్ట్రలో సతారా దగ్గర కాస్ పీఠభూమి వుంది. వానలు తగ్గే రోజుల్లో ఆ నేలంతా పూలే. జనం విరగబడి వచ్చి పూలమీదే కూర్చుని ఫొటోలు దిగడం మొదలెట్టాక, రోజుకి ఇంతమందికే ప్రవేశమని టిక్కెట్టు పెట్టారు. అది తప్పని నేననను. అన్ని వేల కాళ్ళు ఒక్కసారి పడితే ఏ పువ్వు బతుకుతుంది? అక్కడ తెంపే చెయ్యికంటే తొక్కే కాలుతోనే ప్రమాదం.

కానీ కంచె వేసి మనుషుల్ని బయట పెట్టినంతమాత్రాన పువ్వు బాగుపడుతుందన్న భరోసా కూడా లేదు. ఉత్తరాఖండ్‌లో 'పూలలోయ' మాట మీరూ వినే వుంటారు. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి వస్తూ ఆ లోయని చూసి, తర్వాత దానిమీద పుస్తకం రాసి లోకానికి చెప్పాడు. అంతకుముందు అది ఎవరికీ తెలియదనుకునేరు! ఆ చుట్టుపక్కల గొర్రెల కాపరులకి ఎన్నాళ్ళనించో అది వేసవి మేతభూమి. 1939లో జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆవిడ లండన్‌నించి పూలమొక్కలు సేకరించడానికి వచ్చి, అక్కడే కాలుజారి పడి చనిపోయింది. ఆవిడ సమాధి ఇప్పటికీ ఆ పూల మధ్యే వుంది. 1982లో ఆ లోయని జాతీయవనం చేసి గొర్రెల్నీ కాపరుల్నీ రానివ్వడం మానేశారు. పూలకి ఇక తిరుగులేదనుకున్నారు. తీరా కొన్నేళ్ళకి పాలీగోనమ్ అనే పొద ఒకటి ఏపుగా పెరిగి చిన్నచిన్న పూలమొక్కల్ని కమ్మెయ్యడం మొదలెట్టింది. మేత ఆగిపోవడమే దానికి కారణమా కాదా అని శాస్త్రజ్ఞులు వాదించుకుంటూనే వున్నారు. ఆ పొదల్ని మనుషుల్ని పెట్టి పీకించాల్సి వచ్చిందన్నది మాత్రం నిజం. గొర్రె ఊరికే చేసే పనికి కూలీలు!

నన్నడిగితే, పువ్వుతో ఏదో ఒక పని వున్నవాళ్ళే దాని అడ్రసు గుర్తుపెట్టుకుంటారు. పని అంటే తెంపడమే కానక్కర్లేదు. బిభూతిభూషణ్ వందోపాధ్యాయ 'ఆరణ్యక్' నవల 'వనవాసి' పేరుతో తెలుగులోకి కూడా వచ్చింది. అందులో యుగళప్రసాద్ అని ఒకాయనుంటాడు. ఎక్కడెక్కడి పూలమొక్కల విత్తనాలో, దుంపలో తెచ్చి అడవిలో నాటుతూ వుంటాడు. అడవి అతనిది కాదు. పూసినప్పుడు చూడ్డానికి తను అక్కడ వుంటాడన్న నమ్మకమూ లేదు. సొంత పెరడు బాగుచేసుకునేవాళ్ళు మనలో బోలెడంతమంది. నాదాకా వస్తే, బాల్కనీలో గులాబీ మొగ్గేసిందంటే రోజుకి నాలుగుసార్లు లెక్కపెట్టుకుంటాను, పనిమనిషి చీపురు తగులుతుందేమోనని గుండె దడ. గుట్ట మీద ఆ దడ లేదు. నాది కాదు గనక హాయిగా చూస్తాను. ఇంతకాలం ఆ హాయి గొప్పదనే అనుకుంటూ వచ్చాను, ఇప్పటికీ దాన్ని తక్కువ చెయ్యను. ఇల్లూ వాకిలీ, గిన్నే చెంబూ, 'మాది, మాది' అంటూ కాపలా కాసి అలిసిపోయిన ఆడదానికి ఏ కాపలా అక్కర్లేని అందం దొరకడం చిన్న సుఖం కాదు. కానీ మేమూ కాపలా కాయక, ఇంకొకరూ కాయకపోతే ఆ సుఖం ఎన్నేళ్ళు?

కాసేవాళ్ళు బొత్తిగా లేరనడానికీ లేదు. గుట్టల్ని కాపాడాలని హైదరాబాదులో 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని ఒక సంఘమే పుట్టింది. జనాన్ని రాళ్ళ దగ్గరికి నడిపించి తీసుకెళ్ళి చూపించడం వాళ్ళ పనుల్లో ఒకటి. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తంగేడుని రాష్ట్రపుష్పం చేశారు. బతుకమ్మని రాష్ట్ర పండగ చేశారు. 2022లో మా బహదూర్‌పల్లి ప్లాట్లు ప్రభుత్వ వేలంలో అమ్ముడుపోయినప్పుడు పేపర్లన్నీ గజం రేటు రాశాయి. గజానికి ఎన్ని తంగేడు పొదలు పడతాయో లెక్కవేసే పేపరు ఇంకా రాలేదు. ఇళ్ళు వద్దని ఎలా అంటాం? మన పిల్లలకీ ఇళ్ళు కావాలి, ఇళ్ళకి కంకర కావాలి, కంకర ఏదో ఒక గుట్టని పగలగొడితేనే వస్తుంది. అది తెలిసి, ఈ ఒక్క గుట్టనైనా వదలండని అడగడం వేరు, తెలియకుండా తుమ్మిపువ్వు ముందు చేతులు కట్టుకుని నిలబడడం వేరు.

ఇప్పుడు బతుకమ్మ వస్తే తంగేడు, గునుగు ఆటోల్లో కట్టలు కట్టలుగా చౌరస్తాకే వస్తున్నాయి. గునుగుకి ఆకుపచ్చ, గులాబీ రంగులద్ది మరీ అమ్ముతారు. కొనుక్కోవడంలో తప్పేం లేదు, నాలుగు రోజులపాటు అమ్మేవాళ్ళకి నాలుగు రాళ్ళు. కానీ కొన్న పువ్వు ఎక్కడ పూసిందో మనం అడగం. ఆ చోటు మాయమైన సంగతి మరుసటేడు కట్ట ధర పెరిగితేగానీ తెలియదు. అప్పుడైనా ధర పెరిగిందంటామేగానీ గుట్ట తరిగిందనం. ఈ పండగలో నాకు ఎంతో ఇష్టమైంది ఆరోరోజు. ఆనాడు బతుకమ్మ అలుగుతుంది. ఆ రోజు బతుకమ్మని పేర్చరు, పూలతో పని లేదు. ఎందుకలిగిందో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. అయిదు రోజులు వరసగా తెంపించుకున్న పొదలకి ఒకరోజు ఊపిరి తీసుకోనిద్దామని ఏ ఇల్లాలికో తోచి ఈ అలక పెట్టిందేమోనని నాకనిపిస్తుంది. శాస్త్రాధారం అడక్కండి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా అపార్టుమెంటు వెనక గోడవారగా వున్న కాస్త రాతినేల సంగతి కమిటీ మీటింగులో చర్చకొచ్చింది. అందులో పద్నాలుగు తంగేడు పొదలున్నాయి, ఎవరూ నాటనివి. 'పిచ్చిమొక్కలు పీకించి లాన్ వేయించుట' అని ఎజెండాలో అచ్చుగుద్దారు. రాష్ట్రపుష్పాన్ని పిచ్చిమొక్క అనడమేమిటని నేను లేచాను. లెక్చరరుగారు కూడా నా పక్షానే లేచారు, ఆవిడ కారణం దయే అయినా. వదినగారు పూజకి పనికొస్తాయని మాతో కలిశారు. ముగ్గురివి మూడు దారులు, ఓటు ఒకటే. ప్రస్తుతానికి లాన్ వాయిదా పడింది.

ఈ వార్త ఎలా తెలిసిందో, అమావాస్య ఇంకా వారముందనగానే ఆ అవ్వ గేటు దగ్గరికొచ్చింది. లోపలికొచ్చి తెంపుకుంటానంటుంది. సెక్యూరిటీ రానివ్వడు. సెక్రటరీగారు పెద్దమనిషి తరహాలో, "ఎందుకమ్మా నీకు శ్రమ, మా తోటమాలిచేత కోయించి గేటు దగ్గరికే పంపిస్తాం" అన్నారు. అవ్వ తోటమాలి చేతిలోని పెద్ద కత్తెరవైపు, ఆ తర్వాత మా అందరివైపు చూసింది.

"వద్దు సారూ" అంది. "మీకు తెంపరాదు. నన్ను లోపట్కి పంపుండ్రి."

సెక్రటరీగారు ఇంకా ఆలోచిస్తున్నారు. అమావాస్యకి నాలుగు రోజులుంది.